ఊదితే సున్నా

సిగ్నల్ దీపం ఆకుపచ్చగా మారింది. మారిందని ఓబళప్పకు తెలుసు. ఆకుపచ్చ అయితే ఏం చెయ్యాలన్నదే గుర్తు రావడం లేదు.

రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఎడమకాలు క్లచ్ మీద ఉంది. కుడికాలు ఎక్కడుందో కిందికి వంగి చూసుకోవాలనిపించింది. వెనక హారన్లు మొదలయ్యాయి. మొదట ఒక ఆటో, తర్వాత ఒక టెంపో, ఆ తర్వాత అన్నీ కలిసి ఒకటే మోత.

"అన్నా, గ్రీన్," అన్నాడు ముందు సీట్లోని హర్ష. ల్యాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని రోజూ అక్కడే కూర్చుంటాడు. బస్సులో వచ్చే కంపెనీ సిబ్బంది తరఫున ట్రావెల్స్‌వాళ్ళతో మాట్లాడే మనిషి అతనే. "అన్నా, ఏమైంది?"

"ఆ. పోదాం," అన్నాడు ఓబళప్ప. ఆ గొంతు తనది కానట్టు వినిపించింది.

బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. కుందలహళ్ళి సిగ్నల్ దాటగానే టెక్ పార్కు కోసం ఎడమకు తిరగాలి. ఓబళప్ప నిద్రలో ఉన్నా చేతులు వాటంతట అవే తిప్పే మలుపు అది. ఇవాళ చేతులు తిప్పలేదు. బస్సు నేరుగా పోయింది. పార్కు గేటు అద్దంలో చిన్నదై పోతుంటే, అది ఏదో వేరే ఊళ్ళోది అనుకున్నాడు. లోపల ఎవరెవరో పిలుస్తున్నారు. ఇంతమంది తనను ఎందుకు పిలుస్తున్నారో తెలియలేదు. కోపమూ రాలేదు.

హర్ష లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఆపు. పక్కకు తీసి ఆపు అన్నా."

ఓబళప్ప ఆపాడు. పక్కకు తియ్యలేదు, దారి మధ్యలోనే ఆపాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. వణుకు వస్తే వేసుకోమని భార్య రత్నమ్మ కట్టి ఇచ్చిన బెల్లం ముక్క జేబులో ఉంది. కాగితం విప్పడం చేతకాక కాగితంతోనే నోట్లో పెట్టుకున్నాడు. హర్ష ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఏంటది, గుట్కానా?" అంది వెనక నుంచి ఒకమ్మాయి.

"గుట్కా కాదు, ఫుల్‌గా తాగేసి ఉన్నాడు. ఆ కళ్ళు చూడు."

"పొద్దున్నేనా?"

కాదని చెప్పాలనుకున్నాడు. నోట్లోంచి వచ్చిన మాట వేరే. "చందాపుర వచ్చేసింది. దిగండి."

ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే దిగి, అతనివైపు చూడకుండా, పార్కు వైపు వెనక్కి నడిచిపోయారు.

* * *

"ఊదు బాబాయ్," అన్నాడు స్టాన్లీ.

చందాపుర దగ్గరి ట్రావెల్స్ యార్డులో రేకుల గది అది. స్టాన్లీ ఒంగోలు వైపు మనిషి, ఈ ఏడే సూపర్‌వైజరుగా వచ్చాడు. మెషీన్‌కు కొత్త గొట్టం తగిలించి ఓబళప్ప నోటి ముందు పెట్టాడు.

"ఇంకా. ఇంకా ఊదు. ఊపిరి దాచుకుని ఎవరికిస్తావ్?"

మెషీన్ కీచుమంది. సున్నా. స్టాన్లీ దాన్ని అరచేతిలో రెండుసార్లు కొట్టి మళ్ళీ ఊదించాడు. మళ్ళీ సున్నా. గొట్టం మార్చి తనే ఊదాడు. అదీ సున్నానే.

"నాది సున్నా, నీది సున్నా. మరి ఈ వీడియోలో ఉన్నదెవరు? మీ తమ్ముడా?"

ఫోన్‌లో తనను తాను చూసుకున్నాడు ఓబళప్ప. కాగితం నములుతున్న మనిషి. ఎక్కడో దూరంగా చూస్తున్న కళ్ళు. చందాపుర వచ్చేసిందని ఆ మనిషి అంటున్నాడు. ఆ మాట అన్నట్టు ఓబళప్పకు గుర్తు లేదు. హారన్లు గుర్తున్నాయి. ఆ తర్వాత ఖాళీ సీట్లు గుర్తున్నాయి. మధ్యలో ఎవరో కత్తెరతో కోసేసినట్టు ఉంది.

"నేను తాగలేదప్పా."

"అదే కదా నా బాధ. తాగానంటే నాకో దారుంది. కిందటి వారం బెళ్ళందూరులో డివైడర్‌కి రాశావు. అంతకుముందు హెబ్బగోడి స్టాప్‌లో ముగ్గుర్ని వదిలేసి పోయావు. అడిగితే గుర్తు లేదంటావు. గుర్తు లేకపోవడం తాగినోడి మాట కాదా?"

"ముందు తాగేటోణ్ణి. అది అందరికీ తెల్సు. ఆపరేషన్ అయినప్పట్నుంచి చుక్క ముట్టలే."

"హెర్నియా ఆపరేషన్‌కి మందు మానేసినవాణ్ణి నిన్నే చూస్తున్నా."

ఓబళప్ప యార్డులో హెర్నియా అనే చెప్పాడు. పొట్ట కోసి కడుపును చిన్న సంచి చేశారని చెబితే బండి ఇవ్వరని భయం. అసలు ఆ ఆపరేషన్ చేయించుకున్నదే బండి కోసం. సుగర్‌కు ఇన్సులిన్ మొదలుపెడితే స్టీరింగ్ పోతుందని.

స్టాన్లీ చెయ్యి చాచాడు. ఓబళప్ప తన నడుముకున్న గొలుసు నుంచి బస్సు తాళంచెవి విప్పాడు. అది బిగుసుకుపోయి ఉంది, గోరు విరిగింది.

"శుక్రవారం హర్షగారితో ఫోన్‌లో మాట్లాడి తేల్చేద్దాం. అప్పటిదాకా ఇంట్లో ఉండు. ఏం తాగుతున్నావో ఆలోచించుకుని రా."

* * *

ఇంట్లో కూతురు వర్షిణి మొదట చేసిన పని అతని చొక్కా వాసన చూడడం. గోడకు తగిలించబోతున్నట్టు తీసుకుని, అటు తిరిగి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఓబళప్ప చూసి, చూడనట్టు కాళ్ళు కడుక్కోడానికి పోయాడు.

"అప్పా, నిజం చెప్పు. నేనేమీ అనను," అంది తర్వాత. ఎలక్ట్రానిక్ సిటీలో ఆమె ఉద్యోగం. ఆమె కంపెనీ ఇన్సూరెన్స్ మీదే అతని ఆపరేషన్ జరిగింది. "ఆల్కహాల్ అసలే వద్దన్నారు కదా. ఆ సర్జరీ అయినవాళ్ళకి కొంచెం తాగినా బాగా ఎక్కేస్తుందంట. అది కంట్రోల్ కాకపోతే చెప్పు, దానికీ డాక్టర్లు ఉన్నారు."

"తాగింటే చెప్పనా?"

"మరి ఎందుకు ఇట్లా అవుతాండాది?"

"నాకేం తెల్దమ్మా." అతను నిజంగానే ఆలోచించాడు. "ఒగొగసారి నాకే అనుమానం వస్తాది. తాగి మర్చిపోతాండానా అని."

రత్నమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "నీరసం. ఇంకేం కాదు. మనిషిని చూడు, చొక్కా కొంకికి తగిలించినట్టుండాడు. మొన్న ఊర్లో పెండ్లిలో మా అక్క గుర్తే పట్టలే. కార్తీకం పెట్టినప్పట్నుంచి గుడ్లు గూడ లేవాయె. ఇదో, రేపట్నుంచి ఇంకో ముక్క బెల్లం వేస్తాను, తాగు. అంతా సరిపోతాది."

ఆపరేషన్ బాగా జరిగితే ఏటా కార్తీకమాసం ఇంట్లో గుడ్డు, మాంసం ముట్టమని రత్నమ్మ మొక్కుకుంది. అందుకే పొద్దున్నే ఉడకబెట్టిన గుడ్ల బదులు రాగి మాల్టు వచ్చింది. పాలలో రాగిపిండి కాచి, మండ్య నుంచి వచ్చిన కొత్త బెల్లం కరిగించి, చల్లారకముందే స్టీలు గ్లాసులో పోసి ఇస్తుంది. తెల్లవారుజామున అది తాగి ఓబళప్ప డ్యూటీకి పోతాడు. ఒంటికి దానికన్నా మంచిది లేదని ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

మరుసటి రోజు డ్యూటీ లేదు. అలవాటుగా అదే వేళకు లేచి గ్లాసు ఖాళీ చేశాడు. కడుపు గుడగుడలాడింది, గుండె కాసేపు దడదడలాడింది. గ్యాసు అనుకుని మంచం మీద ఒరిగాడు. వర్షిణి ఆఫీసుకు పోకుండా ఇంట్లోనే పని పెట్టుకుంది. పని ఒక కంటితో, తండ్రిని ఒక కంటితో చూస్తోంది. అతను గుమ్మం దాటలేదు. ఎవరూ రాలేదు.

ఎండ కిటికీలోకి వచ్చే వేళకు ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైంది. చాలాసేపటికీ మూసిన చప్పుడు రాలేదు. వర్షిణి లేచి వెళ్ళింది.

ఓబళప్ప ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో చెప్పుల జత. తలుపు లోపల, కార్తీకం కాబట్టి ఖాళీగా ఉన్న గుడ్ల గూళ్ళలో ఒక చెప్పును జాగ్రత్తగా ఇమిడ్చే ప్రయత్నంలో ఉన్నాడు. మెడ మీద చెమట ధారగా కారుతోంది.

"అప్పా, ఏం చేస్తాండావు?"

"బండి కడగల్ల," అన్నాడు చాలా మర్యాదగా.

వర్షిణి అతని నోటి దగ్గర ముఖం పెట్టి వాసన చూసింది. ఈసారి దాచుకోలేదు. పాల వాసన, రాగి వాసన. అంతే.

"అమ్మా," అంది గట్టిగా, "పొద్దున్నుంచి అప్ప ఏం తాగినాడు?"

"నువ్వు చూడంగనే గదా ఇచ్చినాను. మాల్టు." రత్నమ్మ అప్పటికే బెల్లం ముక్కతో పరుగెత్తుకొచ్చింది. మొగుడి నోరు తెరిచి పెట్టింది. కాసేపటికి ఓబళప్ప చేతిలోని చెప్పును చూసుకుని, దాన్ని ఎవరు ఇచ్చారన్నట్టు ఇద్దరివైపూ చూశాడు.

"చూసినావా, బెల్లం పడంగనే తేరుకున్నాడు," అంది రత్నమ్మ. "నేను చెప్పలే?"

వర్షిణి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్కడి న్యూట్రిషనిస్టు కిరణ్మయి అంతా విని, ఒక్కటే చెప్పింది. "రేపు పొద్దున ఆయన ఏమీ తినకుండా రావాలి. రోజూ ఏం తాగుతారో అదే, అంతే, చేసి తీసుకురండి. ఇక్కడ తాగాలి."

* * *

కిరణ్మయి హిందూపురం అమ్మాయి. ఫ్లాస్కు మూత తీసి వాసన చూసింది.

"ఏమేమి వేసినారమ్మా?"

"రాగిపిండి, పాలు, బెల్లం. చక్కెర ఒక్క పలుకు గూడ లేదు మేడం. మీరు వద్దన్న కాడ్నుంచి ఇంట్లో చక్కెర డబ్బానే లేదు." రత్నమ్మ గొంతులో గర్వం ఉంది.

"బెల్లం ఎంత?"

రత్నమ్మ బొటనవేలు చూపించింది. "మొదట ఇంత. తలకాయ తిరుగుతాండాది అన్నంక ఇంకొంచెం. మొన్న బస్సులో అయినంక..." పిడికిలి మూసి చూపించింది.

కిరణ్మయి గ్లాసు ఓబళప్పకు అందించి, అతని వేలికొస గుచ్చి సుగర్ చూసింది. మామూలుగానే ఉంది. అతను తాగాడు. ఇక అందరూ కూర్చుని అతన్ని చూడడం మొదలుపెట్టారు. పెళ్ళిచూపుల్లో కూడా తనను ఇంతమంది ఇంతసేపు చూడలేదనుకున్నాడు.

కాసేపటికే గుండె దడ మొదలైంది. పొట్టలో మెలి తిప్పింది. బాత్రూముకు పోయి వచ్చి పడుకోవాలన్నాడు. "ఇది మామూలే మేడం. గ్యాసు."

కిరణ్మయి మళ్ళీ వేలు గుచ్చింది. అంకె చూసిన రత్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చక్కెర రెట్టింపు దాటిపోయి ఉంది. "మళ్ళా వచ్చేసిందా సుగరు? ఆపరేషనంతా దండగేనా?"

"చూద్దాం," అంది కిరణ్మయి.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. వర్షిణి ఫోన్ చూసుకుంది. రత్నమ్మ కునికింది. ఓబళప్పకు ఒళ్ళు తేలికైంది, దడ తగ్గింది. ఏమీ లేదు నాకు, వీళ్ళందరికీ ఈ రోజు పాడు చేశాను అనుకున్నాడు. అలా అనుకుంటుండగానే అతనికి అసలు సంగతి అర్థమైంది.

బస్సు బయట నిలబడి ఉంది. అందులో జనం ఎక్కి కూర్చున్నారు. ఆలస్యమైపోతోంది. తాళంచెవి ఈ తెల్ల కోటు అమ్మాయి దగ్గర ఉంది. ఎందుకు దాచిందో తెలియదు, కానీ దాచింది. అతని బుర్ర ఇంత స్పష్టంగా చాన్నాళ్ళుగా లేదు. లేచాడు. ఎవరో చెయ్యి పట్టుకున్నారు, విదిలించుకున్నాడు. తలుపు, వరండా, మెట్లు. ఎంతో ఓపికగా అందరికీ చెబుతూనే ఉన్నాడు, నాకేం కాలేదు, బీగంచెవి ఇవ్వండి, నేను తోలుతాను అని. వాళ్ళకే అర్థం కావడం లేదు.

నోట్లో ఏదో తియ్యగా, పిండిగా కరిగింది.

మళ్ళీ చూసేసరికి అతను ఆసుపత్రి బయటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వర్షిణి తన రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఉంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కిరణ్మయి కొలత వేసిన గ్లూకోజ్ బిళ్ళ ఇచ్చి, వెనకే ఉడకబెట్టిన వేరుశనగలు నెమ్మదిగా నమలమంది. రత్నమ్మ పర్సులోంచి బెల్లం తీసి పట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతిని కిరణ్మయి మెల్లగా మూసేసింది.

"సుగర్ నలభై నాలుగుకు దిగింది," అంది. "మత్తు తాగితేనే రానక్కర్లేదు. మెదడుకు చక్కెర చాలకపోయినా ఇట్లాగే ఉంటుంది."

"ఇందాక ఎక్కువ చూపిచ్చె గదా," అంది రత్నమ్మ.

"రెండూ నిజమే అమ్మా. మామూలు కడుపు అయితే తిన్నది కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. ఈయనకు ఇప్పుడు గుడ్డంత సంచే ఉండాది. తియ్యటి నీళ్ళు అందులో ఆగవు, నేరుగా పేగులో పడతాయి. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కుతుంది. ఒళ్ళు బెదిరి ఇన్సులిన్ కుమ్మరిస్తుంది. ఆ ఇన్సులిన్ మరీ ఎక్కువై, గంటకో రెండు గంటలకో చక్కెర ఇట్లా పడిపోతుంది. అప్పుడు మీరు బెల్లం పెడతారు, లేస్తాడు. ఆ వెనకే మళ్ళా పడతాడు."

"చక్కెర వెయ్యలేదే నేను. బెల్లం గదా."

"పేగుకు రెండూ ఒకటే."

రత్నమ్మ సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. మూత తీసి, మిగిలిన మాల్టు ఎంతుందో చూసి, మళ్ళీ బిగించింది. బిగిసిన తర్వాత కూడా తిప్పుతూనే ఉంది.

"నా బండి?" అన్నాడు ఓబళప్ప.

"తీపి మానేయాలి. గుడ్డు, పప్పు, పెరుగు ముందు తినాలి. కొంచెం కొంచెం తినాలి, తినేటప్పుడు నీళ్ళు వద్దు. చాలామందికి దీంతోనే సర్దుకుంటుంది. కొన్ని వారాలు కొలతలు చూసి డాక్టరు సరేననే దాకా మాత్రం స్టీరింగ్ పట్టకూడదు."

ఆటోలో ఓబళప్ప కూతుర్ని అడిగాడు. "నేను లోపల ఏమన్నా అంటినా?"

"బీగం అడిగినావు."

"ఇచ్చింటే తోలేటోణ్ణా?"

వర్షిణి బయటికి చూసింది. "పార్కింగ్‌లో ఒక అంబులెన్స్ స్టార్టింగ్‌లో ఉండె అప్పా. నువ్వు దాని తలుపు దాకా పోయినావు."

* * *

శుక్రవారం పొద్దున ఇంటి వెనక గోడ పక్కన ఇటుకల మధ్య మంట వేసింది రత్నమ్మ. వంటింటి గిన్నె కాదు, పాత సత్తు చెంబు పెట్టింది. అందులో రెండు గుడ్లు కదులుతున్నాయి.

"కార్తీకం," అన్నాడు ఓబళప్ప.

"తెల్సు." ఆమె పుల్ల ఎగదోసింది. "మొక్కుకున్నేది నేను. దేవునికి నేను చెప్పుకుంటాలే. నువ్వు తిని పో."

యార్డులో స్టాన్లీ ఇవాళ కుర్చీ వేశాడు. తలుపు కూడా దగ్గరికి వేశాడు.

"మేనేజర్‌తో మాట్లాడాను బాబాయ్. నిన్ను పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. ముందురోజు రాత్రి ఏదో పెళ్ళిలో నాలుగు పెగ్గులు పడ్డాయి, పొద్దునకి దిగలేదు, తప్పైపోయింది అను. ఒక వారం సస్పెన్షన్. మళ్ళీ నీ బండి నీకు."

"మెషీన్ సున్నా చూపిచ్చె గదా."

"మెషీన్ పాడైందని నేను చెబుతా."

మొన్న ఇదే గదిలో తాగలేదంటే నమ్మని మనిషి. ఓబళప్పకు నవ్వు రాబోయి ఆగింది. జరిగిందంతా చెప్పాడు. హెర్నియా కాదు, బైపాస్ అన్నాడు.

"గుండెకా?"

"కడుపుకి."

కడుపుకు బైపాస్ ఎలా ఉంటుందో స్టాన్లీకి బొమ్మ గీసి చూపాల్సి వచ్చింది. రాగి మాల్టు దగ్గరికి వచ్చేసరికి స్టాన్లీ పెన్ను లాక్కుని బొమ్మ మీద అడ్డంగా గీత కొట్టాడు.

"ఇది నాకు చెప్పలేదు నువ్వు. నేను వినలేదు. తాగుడు ఎవడికైనా అర్థమవుతుంది, క్షమిస్తారు. జబ్బంటే అంతే సంగతులు. స్పృహ తప్పే డ్రైవర్ అని ఒకసారి పేరు పడితే బెంగళూరులో ఏ ట్రావెల్స్‌వాడూ నీకు సైకిల్ కూడా ఇవ్వడు. అయినా మాల్టు మానేశావుగా? సమస్య తీరిపోయింది కదా?"

తీరిపోయింది కదా. ఓబళప్ప కూడా రాత్రంతా అదే అనుకున్నాడు. గుడ్లు తింటాడు. వారం గడుస్తుంది. ఎవరికీ తెలియదు. ఒక్క అబద్ధం, అదీ తన మీద తనే వేసుకునేది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. మూడు రోజులుగా తాగలేదు తాగలేదని అందరికీ చెప్పి అలిసిపోయాడు. తాగానంటే చాలు, బండి వస్తుంది.

స్టాన్లీ ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. హర్ష గొంతు వచ్చింది. "చెప్పండి స్టాన్లీ, నాకు మీటింగ్ ఉంది. అన్న ఒప్పుకున్నాడా?"

"పక్కనే ఉన్నాడు సార్. ఆయనే చెబుతాడు."

ఓబళప్ప ఫోన్ మీదికి వంగాడు. పెళ్ళిలో అనే మాట నాలుక దాకా వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద ఎంత నమ్మకంగా బీగం అడిగాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు. కూతురు చెబితేనే తెలుసు.

"సార్, నేను తాగలేదు," అన్నాడు.

స్టాన్లీ కళ్ళు మూసుకున్నాడు.

"తాగింటే బాగుండు. తాగినోనికి తాగినానని రోంతైనా తెలుస్తాది. నాకు తెలీలేదు. మీరు ఆపమంటే ఆపినానంట గానీ, బాగానే తోలుతాండానని అనుకునింటా. కడుపుకు ఆపరేషన్ అయ్యిండాది. తీపి తిన్నంక సుగర్ పడిపోతాది. డాక్టరమ్మ సరే అనేదంక నేను తోలకూడదు. మీరందరూ ఎక్కే బండి అది."

అటువైపు మీటింగ్‌లో ఎవరో హర్షను పిలవడం వినిపించింది.

"ఆ రోజు నోట్లో పెట్టుకున్నది ఏంటన్నా?" అన్నాడు చివరికి.

"బెల్లం సార్."

"నేను ఆ వీడియోను మా గ్రూప్‌లో పెట్టేశాను," అన్నాడు హర్ష. ఇంకేదో అనబోయి, తర్వాత చేస్తానని పెట్టేశాడు.

స్టాన్లీ ఫోన్‌ను టేబుల్ మీద బోర్లా పెట్టాడు. "అయిపోయింది. ఇప్పుడు నీకు బండి ఎవడిస్తాడు చెప్పు."

ఓబళప్ప బయటికి వచ్చాడు.

మధ్యాహ్నం షిఫ్టు బండ్లు కదులుతున్నాయి. అతని బస్సును ఆంజనేయులు అనే కొత్త డ్రైవరు తీస్తున్నాడు. యార్డు ఇరుకు. వెనక డీజిల్ పీపాలు, పక్కన కరెంటు స్తంభం. ఆంజనేయులు కొంచెం వెనక్కి కదిలించి ఆపుతున్నాడు, అద్దంలో చూసుకుంటున్నాడు, మళ్ళీ ఆపుతున్నాడు. ఓబళప్ప బస్సు వెనకకు వెళ్ళి, అద్దంలో అతనికి కనపడేలా నిలబడ్డాడు. అరచేత్తో బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"చోటు ఉందా అన్నా?" అని అరిచాడు ఆంజనేయులు.

"ఉండాది. రా."

గది గుమ్మంలోకి స్టాన్లీ వచ్చి నిలబడ్డాడు. ఓబళప్ప అటు చూడలేదు. చెయ్యి పైకెత్తి, వేళ్ళతో పిలుస్తూ, పీపాల వైపు ఒక్కో అడుగే వెనక్కి వేశాడు. రా. రోంత కుడికి. ఇంకా రా. బస్సు అతని మీదికి వస్తున్నట్టే వచ్చింది. అతను చెయ్యి ఆపాడు.

చెయ్యి ఆగిన చోటే బస్సు ఆగింది.